కొత్త విండోస్‌లో పాత అలవాట్లు



మా వనపర్తి జిల్లా పెబ్బేరులోనే కాదు, కొత్తకోటలోనైనా గద్వాలలోనైనా కంప్యూటర్ రిపేరు దుకాణం ముందు కాసేపు నిలబడితే ఈ మాటలు వినపడతాయి. "అన్నా, సిస్టం శానా స్లో అయింది, కొత్త విండోస్ ఎయ్యి." "డేటా ఏమన్న ఉందా?" "సి డ్రైవ్ల ఏం లేదు, అంతా డి డ్రైవ్ల ఉంది. కొట్టెయ్." సీపీయూ అక్కడ పెట్టేసి మనిషి తన పని మీద పోతాడు. పొద్దుగూకే లోపల కొత్త విండోస్ పడుతుంది. తెచ్చి చూసుకుంటే డి డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ ఉన్నచోటనే ఉంటాయి, ఒక్కటీ పోదు. తీరా పనికి కూర్చుంటే చేయి ఆడదు. తెలుగులో ఒక అక్షరం కొడితే ఇంకొకటి పడుతుంది. ఎఫ్-టూ మీట నొక్కగానే ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు వరుసగా రావాల్సింది, ఏమీ రాదు. రసీదు ప్రింటు కొడితే సగం కాగితం బయటికి పోతుంది. బ్రౌజరు తెరిస్తే పాస్‌వర్డు అడుగుతుంది, అది ఎవరికీ గుర్తుండదు.

ఈ బాధ కొత్తది కాదు గానీ, ఇప్పుడు ఒకేసారి చాలామంది మీద పడింది. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. అంటే విండోస్ 10 ఉన్న కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. రోజూలాగే నడుస్తుంది. కాకపోతే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మామూలుగా మరమ్మతులు రావు. ఇంట్లో సినిమాలు చూసేవాళ్లు అంత తొందరపడకపోవచ్చు. జనం ఆధార్ కాగితాలు, బ్యాంకు లావాదేవీలు చూసే దుకాణం మాత్రం ఊరుకుంటే కుదరదు. అందుకే విండోస్ 11 వేయించుకునే వాళ్లు పెరిగారు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో కావాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న నాలుగో తరం, ఆరో తరం మిషన్లు మన దగ్గర బోలెడు. వాటికి ఆ అర్హత లేదు. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో ఆ తనిఖీని తప్పించి ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఎక్కుతుంది కూడా. అయితే అలా ఎక్కించిన మిషన్‌కు అప్‌డేట్లు తప్పకుండా వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. దుకాణం కంప్యూటర్‌కు ఆ దారి వద్దనే అంటాను.

సరే, మార్చడం ఎలాగూ తప్పదనుకుందాం. ఫైళ్లు మిగిలి పని ఎందుకు పోతుందో ముందు చూద్దాం.

మా పెబ్బేరు శనివారం సంతకు ఎడ్లు కొనడానికి వచ్చిన రైతు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. అంతా నచ్చాక ఒక మాట అడుగుతాడు: దాపట కట్టిందా, వలపట కట్టిందా అని. ఎడమ పక్కన కాడికి అలవాటుపడిన ఎద్దును కుడి పక్కన కడితే అది కొత్త దూడే. బలం ఎక్కడికీ పోదు, నేర్చింది మాత్రం పనికి రాదు. కంప్యూటర్‌కు కూడా ఏళ్ల తరబడి మనం ఇలాగే కొంత నేర్పుతాం. నేర్పుతున్నామని మనకే తెలియదు. ఏ కీబోర్డు అమరిక, ఏ ఫాంటు, ఏ మార్జిను, ఏ మీటకు ఏ పని, ఏ మాట కొడితే ఏ వాక్యం పడాలి, ఇదంతా నేర్పినదే. దీన్నే సెట్టింగ్స్ అంటున్నాం.

ఇవన్నీ ఎక్కడుంటాయి? సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్, దాంట్లో మీ పేరుతో ఇంకో ఫోల్డర్. అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కనిపిస్తాయి. కనిపించనిది ఇంకొకటి ఉంది. దాని పేరు యాప్‌డేటా. విండోస్ దాన్ని దాచి ఉంచుతుంది. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి: విండోస్ మీటతో పాటు ఆర్ మీట నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో శాతం గుర్తు, ఆ వెంటనే యాప్‌డేటా అనే మాట ఇంగ్లిషు అక్షరాల్లో, మళ్లీ శాతం గుర్తు కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ దాచిన ఫోల్డర్‌లోని రోమింగ్ అనే గది తెరుచుకుంటుంది. మీరు వాడే చాలా ప్రోగ్రాములు ఒక్కొక్కటీ తన పేరుతో అక్కడొక ఫోల్డర్ పెట్టుకుని ఉంటాయి. ఇది కాక రిజిస్ట్రీ అని ఇంకో చిట్టా ఉంది. అందులో మీ ఒక్కరికి సంబంధించిన భాగం, మీ పేరున్న ఫోల్డర్‌లోనే ఎన్‌టీ-యూజర్ అనే దాచిన ఫైలుగా కూర్చుని ఉంటుంది. మీరు మార్చుకున్న వాటిలో చాలావరకు ఈ రెండు చోట్లనే ఉంటాయి. రెండూ సి డ్రైవ్‌లోవే.

అందుకే "సి డ్రైవ్ల ఏం లేదు" అన్న మాట ఎప్పుడూ నిజం కాదు. డిస్కును సి అనీ డి అనీ రెండు ముక్కలు చేసి, సి పోయినా డి మిగులుతుందన్న ధైర్యం మనకు విండోస్ 98 నాటి నుంచి ఉంది. మంచి అలవాటే. కానీ డి డ్రైవ్‌లో ఉండేది మనం చేసిన పని. ఆ పని చేసిన తీరు మొత్తం సి డ్రైవ్‌లో ఉంటుంది. అసలు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు కూడా సి డ్రైవ్‌లోవేనని తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. పెళ్లికార్డు ప్రూఫులు ఎప్పుడూ డెస్క్‌టాప్ మీదనే ఉంటాయి కదా!

ఇక మెకానిక్ చేసే పని సంగతి. ఆయన చేతిలో బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ ఉంటుంది. దాన్ని గుచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ ఎక్కించే తెర వస్తుంది. ఆ దారిన పోతే పాత ప్రోగ్రాములనూ సెట్టింగ్‌లనూ ఉంచడం కుదరదు. అది మెకానిక్ తప్పు కాదు, ఆ దారే అటువంటిది. ఇంకో దారి ఉంది. పాత విండోస్ మామూలుగా తెరిచి, అదే పెన్‌డ్రైవ్‌లో ఉన్న సెటప్ అనే ఫైలును లోపలి నుంచి నడపాలి. అప్పుడు తెర మీద మూడు ఎంపికలు వస్తాయి: ఫైళ్లూ యాప్‌లూ రెండూ ఉంచాలా, ఫైళ్లు మాత్రమే ఉంచాలా, ఏమీ వద్దా అని. మొదటిది ఎంచుకుంటే సెట్టింగ్‌లతో సహా అన్నీ కొత్త విండోస్‌లోకి నడిచి వస్తాయి. విండోస్ భాష, హోమ్ లేదా ప్రో అన్న రకం పాతదానికి సరిపోవాలి. సరిపోకపోతే ఆ మొదటి ఎంపిక మసకబారి నొక్కుడు పడదు. ఇలా చేస్తే టైం ఎక్కువ పడుతుంది, మధ్యలో ఆగిపోవచ్చు, పాత చెత్త కూడా వెంట వస్తుంది. బూట్ పెన్‌డ్రైవ్‌తో అయితే అరగంటలో చేతులు దులుపుకోవచ్చు. పది సీపీయూలు వరుసలో ఉన్న దుకాణంలో ఏ దారి పడతారో చెప్పక్కర్లేదు.

పాత చెత్త అన్నాను. ఆ మాట తేలికగా తీసిపారేయడానికి లేదు. యాప్‌డేటా మనకు ఎంత పనికొస్తుందో వైరస్‌కు కూడా అంతే పనికొస్తుంది. మామూలు వినియోగదారు అనుమతితోనే రాయగలిగిన చోటు కాబట్టి చాలా దొంగ ప్రోగ్రాములు అక్కడే కాపురం పెడతాయి. కంప్యూటర్ ఆన్ కాగానే లేచి కూర్చునేలా రిజిస్ట్రీలో ఒక గీత గీసుకుంటాయి. క్రాక్ చేసిన విండోస్ వాడిన మిషన్‌లో ఇది మరీ ఎక్కువ. కాబట్టి యాప్‌డేటా మొత్తం ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదాంట్లో గుమ్మరించడం నేను ఒప్పుకోను. ఏది కావాలో ఎంచి తీసుకోవాలి. కంప్యూటర్ నిజంగా వైరస్ పట్టి నెమ్మదించిందా, శుభ్రంగా కొత్తగా ఎక్కించుకోవడమే మేలు. అప్పుడు మూటకట్టుకోవాల్సింది ఏమిటన్నదే ప్రశ్న.

అది ఎవరి పని ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు డీటీపీ వాళ్ల సంగతి. అన్నిటికంటే చిక్కు వాళ్లదే. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, ఎరువుల దుకాణం బిల్లు పుస్తకాలు, జాతర కరపత్రాలు అన్నీ వాళ్ల చేతిమీదుగా పోయేవే. చాలా దుకాణాల్లో ఇప్పటికీ పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ కలిసి బండి లాగుతున్నాయి. పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ అనే సంస్థ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబి కొన్నది. 2001లో ఏడో కూర్పు వచ్చాక ఇక కొత్తది రాలేదు. తన వారసుడిగా ఇన్‌డిజైన్‌ను అడోబి 1999లోనే బయటికి తెచ్చింది. అయినా తెలుగు డీటీపీకి పేజ్‌మేకర్ మీద మమకారం తగ్గలేదు. దానికి కారణం ఉంది. టైపు చేసేవాళ్ల వేళ్లు అను లోని కీబోర్డుకు అలవాటుపడ్డాయి. కొందరిది ఆపిల్ కీబోర్డు, కొందరిది మాడ్యులర్. ఒకరి అమరికలో ఇంకొకరు నాలుగు మాటలు కూడా తప్పు లేకుండా కొట్టలేరు. కొత్త విండోస్ వేశాక అను మళ్లీ ఎక్కించి, ఏ కీబోర్డో ఎంచకుండా వదిలేస్తే, పొద్దున టైపిస్టు వచ్చి కూర్చోగానే రభస మొదలవుతుంది.

ఫాంట్ల సంగతి ఇంకా ముఖ్యం. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లోనే తెలుగు బొమ్మలు గీసి పెట్టారు. అనుపమ, ప్రియాంక వంటి ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగుగా కనపడుతుంది. ఫాంటు లేకపోతే ఆ ఫైలు తెరవగానే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వరుస కడతాయి. పదేళ్ల పెళ్లికార్డుల మ్యాటర్ డి డ్రైవ్‌లో భద్రంగా ఉండి కూడా చదవరాకుండా పోవడమంటే ఇదే. కాబట్టి వాడే ఫాంట్ల సెట్టు మొత్తం విడిగా దాచుకోవాలి. ఇక్కడొక మెలిక. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాంట్లో ఫాంట్స్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలనుకుంటాం. 2018లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి ఫాంటు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే అది అందరికీ కాకుండా మీ ఒక్కరికే పడుతుంది. పోయి కూర్చునేది యాప్‌డేటాలో. లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అని వరుసగా లోపలికి పోతే అక్కడ ఉంటుంది. ఫ్లెక్సీ కోసం మొన్న దించుకున్న అందమైన ఫాంటు సరిగ్గా అక్కడ ఉండి, కాపీలో రాకుండా పోతుంది.

పేజ్‌మేకర్ విషయంలో ఇంకో మాట. ఏ ఫైలూ తెరవకుండా ఖాళీగా ఉన్నప్పుడు మీరు ఫాంటు, సైజు, కొలతలు మార్చి పెడితే, ఆ తర్వాత తెరిచే ప్రతి కొత్త పేజీకీ అవే వర్తిస్తాయి. ఏళ్ల కిందట ఎవరో తెలిసిన మనిషి అలా పెట్టి పోయి ఉంటారు. మళ్లీ ఎక్కించగానే అంగుళాల్లో, టైమ్స్ ఫాంటులో తెరుచుకుని ఎవరికీ అంతుపట్టదు. ఫార్మాట్‌కు ముందు ఒక్కో తెరనూ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ప్రిఫరెన్సెస్ తెర, ప్రింటరు ప్రాపర్టీస్ తెర, అను కీబోర్డు తెర. కంప్యూటర్ విద్యలో దీనికి గౌరవం లేకపోవచ్చు గానీ, ఏ బ్యాకప్ ప్రోగ్రామూ ఇంత నమ్మకంగా పనిచేయదు.

ఇక విండోస్ 11 సంగతికొస్తే, అందులో 32-బిట్ రకం లేదు, అంతా 64-బిట్టే. 16-బిట్ కాలం నాటి ముక్కలున్న ప్రోగ్రాములు గానీ ఎక్కించే సెటప్‌లు గానీ అందులో అసలు తెరుచుకోవు. సెట్టింగ్‌లు ఎంత జాగ్రత్తగా దాచినా ఉపయోగం లేదు. అటువంటి పాత మిషన్ బాగా నడుస్తుంటే దాన్ని ముట్టుకోకండి. నెట్ తీగ పీకేయండి, వైఫై తీసేయండి, టైపింగుకు మాత్రమే ఉంచండి. నెట్ పనికి వేరే మిషన్ పెట్టుకోండి. పాత మిషన్ ముసలిదై డిస్కు ఎప్పుడు పోతుందో అన్న భయముంటే ఇంకో ఉపాయం ఉంది. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ సామగ్రిలో డిస్క్-టు-వీహెచ్‌డీ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది నడుస్తున్న కంప్యూటర్ డిస్కును ఉన్నది ఉన్నట్టు ఒక పెద్ద ఫైలుగా మారుస్తుంది. దాన్ని కొత్త మిషన్‌లో వర్చువల్‌బాక్స్ లోపల తెరుచుకోవచ్చు. కొత్త కంప్యూటర్ తెర మీద ఒక కిటికీలో పాత కంప్యూటర్ మొత్తం, వాల్‌పేపర్‌తో సహా. డాంగిల్ ఉన్న ప్యాకేజీలతో కొంత తంటా ఉంటుంది, ముందే చూసుకోవాలి.

ఫొటో స్టూడియో వాళ్లకు ఫొటోషాప్ యాక్షన్లే ప్రాణం. ఒక మీటతో ఫొటో కత్తిరించి, వెనక తెలుపు వేసి, కాగితం మీద ఎనిమిది పేర్చే ఆ వరుస ఎవరో ఒకసారి కూర్చుని రికార్డు చేసి పెట్టినదే. దాన్ని ఫైలుగా సేవ్ చేసుకోవచ్చు. అయితే యాక్షన్ల పట్టికలో ఒక యాక్షన్ మీద కాకుండా అవి ఉన్న సెట్ మీద నొక్కితేనే సేవ్ యాక్షన్స్ అన్నది పనిచేస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక, అది మసకగా ఉండటం చూసి, కుదరదులే అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది.

ట్యాలీ వాడే వాళ్లకు రెండే మాటలు. ట్యాలీ ఈఆర్‌పీ 9 కాలంలో డేటా ఫోల్డర్ ప్రోగ్రాము ఫోల్డర్‌లోనే, అదీ సి డ్రైవ్‌లో ఉండేది. మీ కంపెనీ ఐదంకెల నంబరుతో ఒక ఫోల్డర్‌గా ఉంటుంది, దాన్ని తీసి పెట్టుకోండి. ఫార్మాట్‌కు ముందు లైసెన్స్ సరెండర్ చేయండి. ఎందుకంటే లైసెన్స్ ఆ మిషన్‌కు ముడిపడి ఉంటుంది. మర్చిపోతే వడ్ల కొనుగోళ్లు జోరుగా సాగే రోజుల్లో లైసెన్స్ గొడవ ముందుకొస్తుంది.

కాగితాలు రాసేవారు, దరఖాస్తులు టైపు చేసేవారు వర్డ్‌లో ఆటోకరెక్ట్‌తో గడుపుతారు. రెండు అక్షరాలు కొడితే గ్రామం, మండలం, జిల్లా మొత్తం పడుతుంది. 2016 అక్టోబర్ 11న వనపర్తి జిల్లా అయినప్పుడు ఇలాంటి చిట్టాల్లో మహబూబ్‌నగర్‌ను తీసి వనపర్తి పెట్టుకోవడం పెద్ద పనే. ఆ చిట్టా కూడా యాప్‌డేటాలోనే ఉంటుంది. రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్ అనే ఫోల్డర్‌లో ఏసీఎల్ తోకతో ఉండే ఫైళ్లు అవి. అక్కడికి దగ్గర్లోనే టెంప్లేట్స్ ఫోల్డర్‌లో నార్మల్ అనే ఫైలు ఉంటుంది, మార్జిన్లూ స్టైళ్లూ అందులో ఉంటాయి. ఈ రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే కొత్త విండోస్‌లో వర్డ్ పాత మనిషిలాగే పలుకుతుంది. ఈ ఫైళ్లు చిన్నవే, పాత పెన్‌డ్రైవ్ ఏదైనా సరిపోతుంది.

బ్రౌజరు విషయంలో జనం ఎక్కువగా దెబ్బతింటారు. క్రోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి కొత్తదాంట్లో పెడితే బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డులు రావు. పాస్‌వర్డులను విండోస్ మీ లాగిన్‌కు ముడిపెట్టి తాళం వేస్తుంది. కొత్త విండోస్‌లో పేరు అదే పెట్టినా ఆ తాళంచెవి వేరు. కాబట్టి గూగుల్ ఖాతాతో సింక్ చేసుకోవాలి, లేదా పాస్‌వర్డులను ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైలులో పాస్‌వర్డులన్నీ బట్టబయలుగా ఉంటాయి. పని కాగానే చెరిపేయండి. నెట్ సెంటర్ల గురించి ఇక్కడ ఒక మాట అనక తప్పదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకో, హాల్ టికెట్టుకో వచ్చిన పిల్లల పాస్‌వర్డులు ఆ బ్రౌజర్లలో వందలకొద్దీ పేరుకుపోయి ఉంటాయి. ఆ సెట్టింగ్‌లు భద్రపరచాలని నాకైతే లేదు. అవి ఫార్మాట్‌లో పోవడమే ఆ పిల్లలకు మంచిది. వేలిముద్ర యంత్రం ఆర్‌డీ సర్వీసు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు వంటివి మాత్రం మళ్లీ ఎక్కించుకోవాలి. సంతకం టోకెన్‌లోనే ఉంటుంది, అది ఫార్మాట్‌తో పోదు, భయపడకండి.

ఇప్పుడు మెకానిక్‌లకు తెలిసినా కస్టమర్‌కు చెప్పని సంగతి ఒకటి. బూట్ పెన్‌డ్రైవ్‌తోనే ఎక్కించినా, సి డ్రైవ్‌ను ఎంచుకుని, ఫార్మాట్ గానీ డిలీట్ గానీ నొక్కకుండా నేరుగా నెక్స్ట్ కొడితే, పాత విండోస్ చెరిగిపోదు. మొత్తం విండోస్-డాట్-ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరుగుతుంది. మీ పేరున్న పాత ఫోల్డర్, దాంట్లో యాప్‌డేటా, అన్నీ అక్కడ ఉంటాయి. కావలసింది తీరిగ్గా ఏరుకోవచ్చు. అయితే అది శాశ్వతం కాదు. పైన చెప్పిన లోపలి దారిలో అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు నచ్చకపోతే పాత విండోస్‌కు వెనక్కి పోయే వీలు పది రోజులే. ఆ తర్వాత విండోస్ ఆ ఫోల్డర్‌ను తానే ఊడ్చేస్తుంది. కాబట్టి ఏరుకోవడం మొదటి వారంలోనే అయిపోవాలి. "అన్నా, ఫార్మాట్ నొక్కకు, డైరెక్టు నెక్స్ట్ కొట్టు" అని ఒక్క మాట చెప్తే చాలు. డిస్కులో ఖాళీ లేకపోతే మాత్రం కుదరదు.

కొత్త ల్యాప్‌టాప్ వాళ్లకు ఇంకొక జాగ్రత్త. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా మొదలుపెట్టిన చాలా మిషన్లలో డిస్కు తనంతట తానే గుప్తలిపిలోకి మారుతోంది. వేరే దారిన ఆ డిస్కును తెరవాలంటే 48 అంకెల తాళంచెవి కావాలి, అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా దుకాణంలో ఎవరో తమ మెయిల్‌తో తెరిచి ఇచ్చినదైతే, మీ డిస్కు తాళంచెవి వాళ్ల దగ్గర ఉన్నట్టే. మా పెబ్బేరు ఫిషరీ సైన్స్ కాలేజీ పిల్లలకైనా, బెంగళూరు నుంచి సెలవులకు వచ్చిన ఉద్యోగులకైనా ఇది వర్తిస్తుంది.

మైక్రోసాఫ్ట్ చేసిన ఒక బేరం చెప్పి తీరాలి. విండోస్ 10లోనే ఇంకో ఏడాది ఉండాలనుకునే ఇంటి వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా మరమ్మతులు ఇస్తామంది. 30 డాలర్లు కట్టండి, లేదా మీ సెట్టింగ్‌లను మా ఖాతాలోకి బ్యాకప్ చేసుకుంటే ఉచితం అంది. సెట్టింగ్‌ల విలువ ఆ సంస్థకు బాగా తెలుసు. ఆ బ్యాకప్ మంచిదే, వాల్‌పేపర్, భాష, వైఫై పాస్‌వర్డుల వంటివి వస్తాయి. కానీ మీరు బయటి నుంచి తెచ్చి ఎక్కించుకున్న ప్రోగ్రాములను అది మోసుకురాదు. వాటి పేర్లు గుర్తుపెట్టుకుని మళ్లీ ఎక్కించుకోమంటుంది. అను కీబోర్డు దానికి అక్కర్లేని సంగతి. ఒకప్పుడు విండోస్ 7లో ఈజీ ట్రాన్స్‌ఫర్ అని ఒక పనిముట్టు ఉండేది, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు సెట్టింగ్‌లను తీగ మీదుగా మోసేది. విండోస్ 10లో దాన్ని తీసేశారు. ఖాతాతో ముడిపెట్టని సౌకర్యం ఇప్పుడు ఏ కంపెనీకీ ఇష్టం లేదు.

లినక్స్ ప్రపంచంలో ఈ గొడవ మొదటి నుంచీ తక్కువ. అక్కడ మీ ఫైళ్లూ మీ సెట్టింగ్‌లూ అన్నీ హోమ్ అనే ఒకే చోట ఉంటాయి. సెట్టింగ్‌ల ఫైళ్లు చుక్కతో మొదలవుతాయి, అందుకే మామూలుగా కనపడవు. ఆ హోమ్‌ను డిస్కులో వేరే భాగంగా పెట్టుకుంటే సిస్టంను ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా అది చెక్కుచెదరదు. మనం సి, డి అని విడదీసిన ఉద్దేశం వాళ్ల దగ్గర నిజంగా నెరవేరింది. తెలుగు ముఖంతో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. అయినా డీటీపీ వాళ్లను లినక్స్‌కు మారమని చెప్పే ధైర్యం నాకు లేదు. అను ఉన్నంతవరకు వాళ్లు కదలరు.

అను ఉన్నంతవరకు అన్నాను. మనం కాపాడుకుంటున్న ఈ అలవాటు మనల్నే కట్టేసిందేమో కూడా చూసుకోవాలి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే ఫాంటుతో తెలుగు వచ్చింది. యూనికోడ్‌లో కొట్టిన మ్యాటర్ ఏ విండోస్ వేసినా, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగుగానే ఉంటుంది, దానికి కాపాడుకోవాల్సిన సెట్టింగే ఉండదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, ఇన్‌డిజైన్‌కు వస్తుంది. పాత పెళ్లికార్డుల మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, కొన్ని ఒత్తులు తప్పుతాయి, దిద్దుకోవాలి. వేళ్లు కొత్త కీబోర్డుకు మళ్లడానికి కొన్ని వారాలు పడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో కుదిరే పని కాదు. మూఢాల్లో ముహూర్తాలుండవు, గిరాకీ పలచబడుతుంది. కొత్తగా చేరిన టైపిస్టుకైతే మొదటి రోజే యూనికోడ్ కీబోర్డు నేర్పండి, వాళ్ల వేళ్లకు పాతది తెలియదు కదా.

మెకానిక్ అన్నను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పలేదు. ఆయన్ను మనం అడిగేది విండోస్ వేయమని. ఇంత డబ్బు అని మాట్లాడుకునేది కూడా దానికే. ఫాంట్లు, యాక్షన్లు, ఆటోకరెక్ట్ చిట్టా, కీబోర్డు అమరిక తీసి పెట్టి మళ్లీ ఎక్కించడం వేరే పని, దానికి ఇంకొంత టైం పడుతుంది. ఈసారి సీపీయూ ఇచ్చేటప్పుడు ఏమేం కావాలో ఒక చీటీ మీద రాసి సీపీయూకు అంటించండి. దానికి రెండు వందలు ఎక్కువ అడిగితే బేరమాడకండి.